వెనక సీట్లో రాజా, రాణి

మొన్న మా తమ్ముడి కొడుకు సూర్యాపేటలో పెళ్లికి పోతూ నన్ను కూడా తీసుకుపోవడానికి వచ్చాడు. కారు వాకిట్లో ఆగింది కదా అని చేతిసంచి పట్టుకుని వెనక తలుపు తీస్తే, లోపల దూడంత కుక్క కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. దాని కింద మెత్తటి పరుపు, అది జారి కింద పడకుండా ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ కట్టిన గుడ్డ, పక్కన ఒలకని నీళ్ల గిన్నె, ఎండ తగలకుండా అద్దానికి నల్లటి తెర. దుకాణం మూసే వేళకు వచ్చిన గిరాకీని మా నాయిన ఎట్లా చూసేవాడో అట్లా నన్నొక చూపు చూసి అది మళ్లీ కళ్లు మూసుకుంది. "అత్తా, నువ్వు ముందల కూసో. వెనక సీటు దానిది" అన్నాడు మావాడు. దారి పొడుగునా వాడి కన్ను అద్దంలో దాని మీదనే. మధ్యలో బండి ఆపి దాన్ని దింపి తిప్పాడు. దానికి చల్లగాలి అందుతున్నదో లేదో అని నా వైపు గాలిని వెనక్కి మళ్లించాడు. నా మోకాళ్లు పట్టేశాయని నేను చెప్పుకోలేదు. చెప్పుకుంటే కుక్కతో పోటీ పడినట్టవుతుంది. లోపల మాత్రం మండుతూనే ఉంది. డెబ్బై దాటినదానికి కుక్క మీద అసూయ ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటుండగా తెలిసింది, ఇది కొత్త మంట కాదు. ఇట్లాగే ముందు సీట్లో కూర్చుని, ఇట్లాగే మెడ తిప్పి వెనక్కి చూస్తూ నేను చాలా దూరం ప్రయాణం చేశాను. అప్పటికి నేను లంగా ఓణీల్లోకి వచ్చిన కొత్త.

మాది నల్లగొండ బజారులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ నడుమ ఒక గోనె తెర. ఇటువైపు చింతపండు, ఎండుమిరప, కిరసనాయిలు వాసన. అటువైపు పోపు వాసన, పిడకల పొగ. తెర మాత్రం ఎప్పుడూ బెల్లం వాసనే వేసేది, పిల్లలమందరం బెల్లం తిన్న చేతులు దానికే తుడిచేవాళ్లం కాబట్టి. మా అవ్వ, అంటే నాయిన తల్లి, గింజలు కొలవడానికి కూర్చుంటే మొదటి మానికకు ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు అని సాగేది లెక్క. నాకు మాటతో పాటే బేరం వచ్చింది. నాయిన భోజనానికి లోపలికి పోతే గల్లా దగ్గర నన్నే కూర్చోబెట్టేవాడు. దీని నోటికి ఊరు ఊరే అమ్ముడుపోతదని గిరాకీల ముందు నవ్వేవాడు. అది మెచ్చుకోలు అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

అమ్మ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. తెల్లారితే పప్పులో రాళ్లు ఏరడం, మధ్యాహ్నం పాత కాగితాలతో పొట్లాలు చుట్టడం, సాయంత్రం పసుపు జల్లించడం. గోళ్ల సందుల్లో ఎప్పుడూ పసుపో, కారమో ఉండేది. ఆ చేయి మా ముఖాల మీదికి వస్తే కళ్లు మండుతాయని తనే దూరంగా ఉంచేది. శనివారం తలకు నూనె పెట్టేది, నిజమే. కానీ నలుగురు పిల్లలు వరసగా కూర్చుని ఉంటే నూనె పెట్టే చేయి వేరు, నిమిరే చేయి వేరు. ఆ తేడా నాకు బాగా తెలుసు. తక్కెడలో ఏ కొస ఎంత దిగిందో చూసి పెరిగినదాన్ని కదా. మా ఇంట్లో అమ్మ చేయి ఊరికే తల మీద పడాలంటే ఒకటే దారి, జబ్బు పడటం. తమ్ముడికి ఏడాదికి నాలుగుసార్లు జ్వరం వచ్చేది, అదృష్టవంతుడు. నాకు రాయి లాంటి ఒళ్లు. వానలో తడిసినా తుమ్ము కూడా వచ్చేది కాదు.

అమ్మ పుట్టిల్లు పాలమూరు. అంటే మహబూబ్‌నగరే, మేమంతా పాలమూరే అంటాం. అక్కడ అమ్మమ్మ ఒక్కతే ఉండేది, కళ్లు మసకబారుతున్నాయని కబురు వచ్చింది. అమ్మకు పోవాలని ప్రాణం కొట్టుకునేది, కానీ బస్సు పేరు చెబితేనే ముఖం తెల్లబడేది. బస్సు ఎక్కిందంటే ఊరి పొలిమేర దాటకముందే కడుపులో తిప్పడం, దిగేదాకా వాంతులు. ఒకసారి అట్లా పోయి, దారిలో సోలిపోతే ఎవరో దింపి నీళ్లు తాగించి మరో బస్సులో నల్లగొండకే పంపించారు. ఆ తర్వాత నాయిన ఆ మాట ఎత్తనివ్వలేదు. కారు కిరాయికి తీసుకోవడమన్నది మా ఇంట్లో అనుకోదగిన విషయమే కాదు. అమ్మ అడగలేదు. పొట్లాలు చుడుతూ చుడుతూ మధ్యలో ఆగి, చేతిలో కాగితం పట్టుకుని తెర వైపు చూస్తూ ఉండిపోయేది, అంతే.

మా పక్క బంగళాలోకి ఆ రోజుల్లోనే ఒక గుత్తేదారు దిగాడు. ఆయనదీ పాలమూరే. నందికొండ దగ్గర డ్యాము పని సాగుతుంటే మనుషులను తెచ్చి రాళ్లు మోయించే గుత్త ఆయనది. భార్య పాలమూరులోనే ఉండేది. ఆయనకు రెండు అల్సేషన్ కుక్కలు, రాజా, రాణి. రాజా భుజం నా నడుముదాకా వచ్చేది. నెలకోసారి ఆయన డ్యాము దగ్గరి నుంచే జీపులో నేరుగా పాలమూరు పోయేవాడు. కుక్కలను నల్లగొండలో వదిలితే అన్నం ముట్టవు, రాత్రంతా ఏడ్చి బజారును నిద్రపోనివ్వవు. అందుకని డ్రైవరు ఖాసీం భాయి వాటిని కారులో వేసుకుని వెనక నుంచి పోయేవాడు. ఆ ప్రయాణం ముగిసి తిరిగొచ్చిన కారును మా వీధంతా ముక్కు మూసుకుని చూసేది. రాణి దారంతా కక్కేది. రాజా మలుపు వచ్చినప్పుడల్లా జారిపోయి, భయంతో ముందు కాళ్లు ఖాసీం భాయి భుజాల మీద వేసేది. గొలుసుతో కట్టి చూశారు, మెడ ఒరుసుకుపోయింది. లారీలో బస్తాల మీద ఎక్కించి చూశారు, రాజా దూకేసింది. చివరికి ఖాసీం భాయి కారు తాళాలు తెచ్చి మా దుకాణం అరుగు మీద, గుత్తేదారు ముందే పెట్టేశాడు. "మీ కొలువుకు సలాం సాబ్. ఇయ్యాల భుజం మీద కాలు ఏసింది, రేపు స్టీరింగు మీద ఏస్తది. నా పిల్లలు చిన్నోళ్లు" అన్నాడు.

అప్పుడు గల్లా దగ్గర నేనున్నాను. నాయిన లోపల అన్నం తింటున్నాడు. వెనక సీట్లో మనిషి ఒకరు కూర్చుంటే అవి కుదురుగా ఉంటాయేమో, కానీ కుక్కలతో ఎవరు కూర్చుంటారని గుత్తేదారు అంటుండగానే నా నోరు తెరుచుకుంది. మా అమ్మ కూసుంటది అన్నాను. ఆ తర్వాత బేరం దానంతట అదే సాగిపోయింది. పోయేటప్పుడు వాకిట్లో ఎక్కించుకోవాలి, పాలమూరులో అమ్మమ్మ గడప ముందు దింపాలి, తిరిగి వచ్చేటప్పుడు అక్కడి నుంచే తీసుకురావాలి, అమ్మకు తోడుగా నేను కూడా ఉంటాను. ఆయన నవ్వి, "మీ నాయిన ఒప్పుకుంటడా బిడ్డా, కోమటోళ్ల ఆడిమనిషి కుక్కలతోని కూసునేదానికి?" అన్నాడు. నాయిన అప్పటికే గోనె తెర పక్కన చేయి కడుక్కోకుండా నిలబడి ఉన్నాడు. నా వీపు పగలబోతుందనుకున్నాను. డిక్కీ సగం మాకు వదులుతారా అని నేను గుత్తేదారును అడిగాను. పాలమూరు పల్లికాయ నల్లగొండలో ఏ ధర పలుకుతుందో నాయినకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఆయన ముఖంలో కోపం అట్లాగే ఉంది కానీ దాని వెనక డిక్కీ కొలత నడుస్తున్నది. చేయి కడుక్కుని వచ్చి, పుట్టింటికి పోక చానొద్దులాయె, పోయి రానీ అన్నాడు, అదంతా తన ఆలోచనే అయినట్టు. అరుగు మీది తాళాలు ఖాసీం భాయి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

అవ్వ మూడు షరతులు పెట్టింది. కుక్కను తాకిన చీరతో గడప దాటరాదు. దానికొక పాత చీర వేరే పెట్టుకుని గొడ్ల కొట్టంలో దండెం మీద వేయాలి. రాగానే బావి దగ్గర తల మీంచి స్నానం. ఆ చీరకు ఇంట్లో కుక్కచీర అని పేరు పడింది. ముదురు నేరేడు రంగు, అంచు చిరిగినది. అమ్మ ఆ చీర కట్టిన రోజుల్లో ఎంత బాగుండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు.

మొదటి ప్రయాణానికి మా ఇల్లంతా కలిసి ఆ కుక్కలను తయారు చేసింది, దుకాణపోళ్లు తయారు చేసినట్టే. నాయిన లాంతరు చిమ్నీలు సూర్యాపేట నుంచి పగలకుండా తెప్పించడంలో పేరున్నవాడు. కారు చూడగానే రోగం ఏమిటో ఆయనకు తెలిసిపోయింది: ఖాళీ జాగా. సందు ఉంటే సరుకు కదులుతది, కదిలితే పాడైతది అన్నాడు. వెనక సీటు ముందు కాళ్లు పెట్టుకునే పల్లం అంతా తవుడు బస్తాలతో నింపి సీటుతో సమం చేశాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ పైన రెండు కుక్కల చుట్టూ, నడుమ, వెనక, గడ్డి కుక్కిన గోనెలు బిగించి పెట్టాడు. అమ్మ ఒక మూలకు ఒదిగి కూర్చుంటే చిమ్నీల పెట్టెలో మూడో చిమ్నీలా ఉంది. ఇక అవ్వ. ప్రయాణమైపోయే ప్రాణిని మా ఇంట్లో పెరుగన్నం పెట్టకుండా గడప దాటనిచ్చింది లేదు. కుక్కలను ఆమె తాకదు, కానీ శకునం తప్పదు. రెండు తాంబాళాల నిండా పెరుగన్నం, మీద ఇంత బెల్లం. రాజా, రాణి తాంబాళాలు నాకి నాకి మెరిపించాయి. అవ్వ మురిసిపోయింది. అమ్మకు కూడా అదే పెట్టింది. నాకూ పెట్టింది, నేను మారు వడ్డించుకున్నాను.

దేవరకొండ రోడ్డు అప్పట్లో కంకర తేలి ఉండేది. ఊరి పొలిమేర దాటామో లేదో, రాణి నోటి నుంచి జొల్లు కారడం మొదలైంది. దాంతో పాటు అమ్మ నోటికి కొంగు అడ్డం పోయింది. రాజా కదలడానికి సందు లేక గోనెలను గోళ్లతో చీల్చడం మొదలుపెడితే కారంతా గడ్డి. ఖాసీం భాయి ఒక వేప చెట్టు కింద బండి ఆపాడు. తలుపు తీయగానే రాణి కిందికి దూకి ఒక పక్కన, అమ్మ దిగి ఇంకో పక్కన, ఇద్దరూ వంగిపోయారు. ఒకే పెరుగన్నం. నేను చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాను. నా కడుపులో రెండు మారుల అన్నం రాయిలా కూర్చుంది, కదలదు మెదలదు.

అమ్మ ముఖం కడుక్కుని లేచి, ఎదురుగా కాళ్లు వణుకుతూ నిలబడిన రాణిని చూసింది. అంతకుముందు దాన్ని చూస్తే భయమే. ఇప్పుడు దగ్గరికి పోయి, మిగిలిన నీళ్లతో తడి చేసిన కొంగును దాని మూతికి అద్దింది. "దీనిది నా రోగమే పిల్లా" అంది నాతో. "దాని కడుపుల ఏమైతాందో నాకెర్క. తలకాయ తిరుగుతాంటె చుట్టూ ఇట్ల బస్తాలు పెడితె ప్రాణం పోతది. జర గాలి తగలాలె, జర పక్కకు ఒరగనియ్యాలె. మీ నాయినకేం తెలుసు, ఆయన ఎన్నడన్న కక్కిండా?" చుట్టూ ఉన్న గడ్డి గోనెలన్నీ పీకించింది. కింద పల్లం నింపిన తవుడు బస్తాలను మాత్రం ఉంచింది. పీకిన గోనెలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. డిక్కీలో నాయిన తిరుగుసరుకు కోసం ఖాళీ సంచులు కట్టలు కట్టి నింపాడు. అందుకని అవి ముందు సీట్లో, నా మీద, నా కాళ్ల కింద, నా పక్కన పెట్టారు. మిగిలిన దారంతా చిమ్నీలా బిగిసి కూర్చున్నది నేనే.

ఆ తర్వాత రెండు మూడు ప్రయాణాల్లో అమ్మ ఒక పద్ధతి పట్టింది. తనకు బస్సులో ఏది దొరికితే బాగుండు అని అనుకునేదో అదంతా వాటికి అమర్చింది. ముందురోజు పొద్దుగూకే వేళకు అన్నం, ఆ తర్వాత గింజ కూడా లేదు; అవ్వ శకునం కోసం పెరుగును నుదుటికి చూపించి ఊరుకునేట్టు రాజీ కుదిర్చింది నేనే. నీళ్లు గిన్నె నిండా కాదు, ఆగిన చోటల్లా నాలుగు గుక్కలు. రెగ్జిన్ సీటు మీద గోళ్లు జారుతున్నాయని దేవరకొండ అంగట్లో కురుమల దగ్గర ముతక గొంగడి ఒకటి కొనిపించింది. దాని కోసం ఎండలో నిలబడి బేరమాడింది నేను. అట్లాంటి గొంగడి కప్పుకుని పడుకోవాలని నాకు రెండు చలికాలాల నుంచి ఆశ. రాజా దాని మీద ఒకసారి గుండ్రంగా తిరిగి, కూలబడి, నావైపు వీపు పెట్టింది. ఎండ వచ్చే వైపు కిటికీకి తడి గోనె వేలాడదీసేది అమ్మ. అద్దం నాలుగు వేళ్ల సందు మాత్రమే దించేది, ముక్కు బయటికి పోవాలి గాని తల పోరాదు, దుమ్ము కళ్లలో పడుతుంది. ఎక్కడ ఆగినా తలుపు తీయకముందే మెడ తాడు చేతికి చుట్టుకునేది. దేవరకొండ దాటాక ఒకసారి, డిండి కట్ట మీద ఒకసారి, కల్వకుర్తి ముందు ఒకసారి దింపి తిప్పాలి. మలుపు వస్తే ముందే "మెల్లగ భాయీ" అనేది. ఖాసీం భాయి గొణిగేవాడు. "అమ్మా, ఇది కారా, పెండ్లికూతురు మేనానా?" అనేవాడు. కానీ తన భుజాల మీద కాళ్లు పడటం మానేశాక ఆ గొణుగుడులో పస పోయింది.

అసలు వింత ఏమంటే, కుక్కలను చూసుకునే ధ్యాసలో అమ్మ తన వాంతులు మరచిపోయింది. రాణి తల ఆమె తొడ మీద ఉండేది. రాజా రెండో వైపు ఆనుకుని కూర్చునేది. ఆమె కుడి చేయి రాణి చెవుల నడుమ మొదలై, మెడ వెనకగా వీపు సగందాకా పోయి, మళ్లీ చెవుల దగ్గరికి వచ్చేది. ఆముదం చేలు, జొన్న చేలు, బండరాళ్ల గుట్టలు పక్క నుంచి పోతూనే ఉండేవి, ఆ చేయి ఆగేది కాదు. దానికి పసుపు లేదు, కారం లేదు, పొట్లం లేదు. అంత ఖాళీగా ఉన్న అమ్మ చేతిని నేను మొట్టమొదటిసారి చూసింది ఖాసీం భాయి ముందున్న అద్దంలో. ఆయన రోడ్డు చూసుకోవడానికి దాన్ని తనవైపు తిప్పుకుంటే, నేను మెల్లగా నావైపు తిప్పుకునేదాన్ని. బేరం చేసి కారు సంపాదించింది నేను. డిక్కీ మాట తెచ్చి నాయినను ఒప్పించింది నేను. ఆ సీటు లాభమంతా రాణి తింటున్నది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. కళ్లు సగం మూసి, నాలుక కొస బయటపెట్టి, అంత సుఖంగా పడుకోవడం దానికి ఎవరు నేర్పారో.

పాలమూరులో ఇంకో చోద్యం. దిగగానే పెరట్లోకి పోయి అమ్మ కుక్కచీర విప్పి స్నానం చేసి, అమ్మమ్మ మంచం పక్కన కింద కూర్చునేది. అమ్మమ్మ మసక కళ్లతో అమ్మ ముఖం అంతా వేళ్లతో తడిమేది. తర్వాత ఆ తల తన ఒడిలోకి లాక్కునేది. అమ్మ చిన్నపిల్లలా కాళ్లు ముడుచుకుని పడుకునేది. నేను గుంజకు ఆనుకుని చూసేదాన్ని. అమ్మ ఒడి అమ్మకు దొరికింది, అమ్మ ఒడి కుక్కకు దొరికింది. అక్కడ కూడా అమ్మ చెప్పేది రాజా రాణీల కబుర్లే. ఈసారి రాణి ఎక్కడా కక్కలేదని, రాజాకు ఎడమ చెవి కింద గోకితే కాలు ఆడిస్తదని. అమ్మమ్మ అంతా విని, మరి పిల్లలు ఎట్లున్నరే అని అడిగితే, వాండ్లకేమైంది, మంచిగనే ఉన్నరు అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

ఒకసారి డిండి కట్ట మీద కుక్కలను తిప్పుతూ నేను ఉండబట్టలేక బేరానికి దిగాను. నీళ్ల మీది నుంచి గాలి వస్తున్నది. అమ్మ రాణి తాడు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. రాజా తాడు నా చేతిలో ఉంది, లేదా నేనే దాని చేతిలో ఉన్నాను.

"అమ్మా, ఇక్కడి నుంచి నేను వెనక కూసుంట. రాజాను ముందల కూసోవెట్టు."

"అది ముందల ఊకుంటదా? ఖాసీం భాయి ఒళ్లె కూసుంటది."

"నేను పట్టుకుంట. వెనకనే, నీ పక్కన నేను, నా పక్కన అది."

"జాగా యాడుంది పిల్లా?" అని నా ముఖంలోకి చూసింది. నిజంగానే పట్టించుకుని చూసింది. "ఏమైంది? కడుపుల తిప్పుతాందా?"

"లేదు."

"తలకాయ నొస్తాందా?"

"లేదు."

"మరి?"

బజారులో ఎవరినైనా ఒప్పించగల నోరు అక్కడ ఎండిపోయింది. తిప్పుతున్నది అంటే సరిపోయేది. కానీ చెప్పలేకపోయాను, ఎందుకో. బహుశా ఉన్న సరుకు చూపించి అమ్మడం వచ్చు గాని, లేని సరుకు అమ్మడం నాయిన నేర్పలేదు. పైగా అమ్మ అడిగిన తీరులో తప్పేమీ లేదు. నాకు ఏ నొప్పీ లేదు, నేను అన్నీ చక్కబెట్టుకోగలదాన్ని, బస్సు ఎక్కితే కిటికీ పక్క సీటు నేనే సంపాదించగలను. అట్లాంటి పిల్లకు చేయి ఎందుకు? ఏమీ లేదన్నాను. అమ్మ లేచి రాణిని ఎక్కించింది. నేను ముందు సీట్లో కూర్చుని, అద్దాన్ని ఖాసీం భాయి వైపే ఉండనిచ్చాను.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు కార్లో ఆ పరుపు, ఆ తెర చూసినప్పుడు నాకు నవ్వు కూడా వచ్చింది. అమ్మ తవుడు బస్తాలు, గొంగడి, తడి గోనెతో చేసిందే అది, ఇది కొనుక్కున్నది, అంతే తేడా. ఇప్పుడు రోడ్లు నూనె పోసినట్టున్నాయి. నల్లగొండ నుంచి పాలమూరు పోయేది అప్పుడు ఒక పగటి పని. ఇప్పుడు పోయి భోజనానికి తిరిగి రావచ్చు. పిల్లల సంగతి కూడా మారింది. మా ఇంట్లో ఇప్పుడు పిల్లలు ఏ జబ్బూ లేకుండానే తల్లుల ఒళ్లోకి ఎక్కుతారు, ఫోను చూస్తూనైనా తల్లులు వాళ్ల తల నిమురుతూనే ఉంటారు. అడగకుండా దొరుకుతున్నది వాళ్లకు. మంచిదే. నేను కూడా నా పిల్లలకు అట్లాగే ఇచ్చాను, కొంచెం ఎక్కువ తూచి ఇచ్చాను. అయినా ఇప్పటికీ ఎవరైనా ఎవరి తలనైనా నిమురుతుంటే నా కన్ను అటే పోతుంది, ఎంత పడుతున్నదో చూడటానికి. అమ్మ మాకు తక్కువ ఇచ్చిందని అనను. ఆమె దగ్గర ఉన్నదంతా పొట్లాల్లోకి పోయింది. ఆ పొట్లాలు అమ్మిన డబ్బుతోనే నలుగురం అన్నం తిన్నాం.

నందికొండ దగ్గర గుత్తేదారు పని ఒడిసింది. ఆయన నల్లగొండ బంగళా ఖాళీ చేసి పాలమూరులోనే ఉండిపోతానన్నాడు. అమ్మమ్మ కళ్లు అప్పటికి పూర్తిగా పోయాయి, మేనమామ వచ్చి తన దగ్గరికి కర్నూలుకు తీసుకుపోతున్నాడు. కాబట్టి ఇక పాలమూరులో మాకు దింపుకునే గడప కూడా లేదు. అది చివరి ప్రయాణమని ఎక్కేటప్పుడే అందరికీ తెలుసు, కుక్కలకు తప్ప. దారిలో రాణి ఎప్పటిలాగే పడుకుంది. అమ్మ చేయి ఎప్పటిలాగే నడిచింది. రెండు రోజుల తర్వాత మమ్మల్ని నల్లగొండలో దింపి రమ్మని గుత్తేదారు కారును ఖాళీగా పంపాడు. మంచి మనిషి, మాట తప్పలేదు. బయల్దేరే ముందు అమ్మను తన ఇంటికి పిలిపించి, ఇన్ని రోజులు నా జీవాలను కడుపుల పెట్టుకుని తీసుకొచ్చినవు, ఏం గావాల్నో అడుగు చెల్లె అన్నాడు. నేను అమ్మ మోచేయి మీద గిల్లాను. మా దుకాణానికి ఆయన ఎన్ని విధాల పనికి వస్తాడో నా మనసులో వరస కట్టి ఉంది. అమ్మ నా చేయి తీసేసి, ఒక్కసారి వాటిని చూపెట్టండి అని మాత్రం అంది. పెరట్లో గొంగడి మీద పడుకుని ఉన్నాయి. కారు చప్పుడు విని అవి కూడా వస్తామనే లేచాయి. అమ్మ వాటి ముందు వంగలేదు, తాకలేదు. వాకిలి దగ్గరి నుంచే చూసి వెనక్కి తిరిగింది. మేము వీధి మలుపు తిరిగేదాకా రాణి అరుపు వినిపించింది.

వెనక సీటు మొత్తం ఖాళీ. నేను ఎవరినీ అడగకుండా అమ్మ పక్కన ఎక్కి కూర్చున్నాను. తవుడు బస్తాలు లేక కాళ్లు కిందికి వేలాడాయి. మనసు గాల్లో ఉంది. ఖాసీం భాయి అద్దంలో చూసి, "ఇయ్యాల బిడ్డకు ప్రమోషన్ వచ్చింది" అన్నాడు. ఇక ఈ దారంతా నాదే అనుకున్నాను. జడ్చర్ల దాటామో లేదో, అమ్మ కొంగు నోటికి అడ్డం పోయింది. ఇన్ని నెలలుగా రాని తిప్పుడు అంతా కూడబెట్టుకుని ఒక్కసారే వచ్చింది. చేతిలో కుక్క లేదు, చూసుకోవాల్సింది ఏమీ లేదు, కడుపు ఒక్కటే మిగిలింది. బండి ఆపించి, దింపి, వీపు రాసి, నీళ్లు పుక్కిలింపజేసి మళ్లీ ఎక్కించాను. అద్దం నాలుగు వేళ్ల సందు దించాను. ఎండ వైపు నా ఓణీ కొస తడిపి కట్టాను. మెల్లగ భాయీ అన్నాను. అమ్మకు కూర్చునే శక్తి లేదు. తల నా తొడ మీద పెట్టుకుని ఒరిగిపోయింది.

నాకు ఏం చేయాలో తెలుసు. అద్దంలో చూసి చూసి కంఠతా వచ్చింది. చెవి పక్కన మొదలుపెట్టి, మెడ వెనకగా, వీపు సగందాకా, మళ్లీ మొదటికి. అమ్మ జుట్టు అంత పలచగా ఉంటుందని అప్పుడే తెలిసింది. కొంతసేపటికి ఊపిరి కుదురుకుంది. నిద్రపోయింది అనుకున్నాను.

"అవి తిన్నయో లేదో" అంది, కళ్లు తెరవకుండానే.

నా చేయి ఆగింది. అంత దూరం వచ్చాక కూడా కుక్కలే. "తిని ఉంటయి తియ్యే. పండుకో" అన్నాను, కొంచెం కటువుగానే.

మళ్లీ నిద్రలోకి జారుతున్నట్టు అమ్మ ఒళ్లు బరువైంది. అప్పుడు ఆమె కుడి చేయి, దేనినో వెతుక్కుంటున్నట్టు, పక్కన సీటు మీద తడుముతూ వచ్చి నా మోకాలికి తగిలింది. అక్కడ ఆగి, మెల్లగా నిమరడం మొదలుపెట్టింది. ఖాళీ చేయి. పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి. ఆ చేయి నిద్రలో ఎవరిని నిమురుతున్నదో అడిగి తెలుసుకోవచ్చు. నేను అడగలేదు. చేతికి వచ్చిన సరుకును ఎవరి పేరు మీద వచ్చిందని తిరగేసి చూసేంత తెలివితక్కువదాన్ని కాదు. కల్వకుర్తి వచ్చేదాకా మోకాలు కదపలేదు.